బరువు కాదు, పొడవు: దీవి రేవులో యాట్‌కు లంగరు వేయడం, బోయాకు కట్టడం

మా చిన్నాన్న లంగరు ఒక నల్లరాయి. నడుమ గాడి కొట్టించి, ఆ గాడిలో మోకు బిగించి, కృష్ణపట్నం ఉప్పుటేరులో పడవ నిలపడానికి దాన్నే దించేవాడు. పడవ జారినప్పుడల్లా ఆయనకు తోచే మందు ఒకటే, ఇంకో రాయి. "బరువు చాలలేదురా, రేపు ఇంకాస్త పెద్దది చూద్దాం" అనేవాడు. "తాడు ఇంకొంచెం వదులుదాం చిన్నాన్నా" అని నేను ఒక్కనాడూ అనలేదు. అనాలని నాకూ తెలియదు.

కొన్నేళ్ల తరువాత అండమాన్‌లో ఒక యాట్ మీద డెక్ పనికి కుదిరాను. 12 మీటర్ల పొడవు, 9 టన్నుల బరువు ఉన్న తెరచాప పడవ. దాని ముక్కున వేలాడే లంగరు 20 కిలోలు. మా రాయే 50 కిలోలుండేది. నవ్వొచ్చింది. ఆ రాత్రి గాలి లేచి ఒడ్డు మీది కొబ్బరిచెట్లు విల్లులా వంగాయి కానీ పడవ ఉన్నచోటు నుంచి కదలలేదు. పొద్దున ఈత కళ్లద్దాలు పెట్టుకుని నీళ్లలోకి దిగి చూస్తే లంగరు కనబడలేదు. అది పూర్తిగా ఇసుకలో పూడుకుపోయింది. గొలుసు మాత్రం నేలలోంచి మొలిచినట్టు బయటికి వచ్చి, ఇసుక మీద తిన్నగా పరుచుకుని ఉంది.

మా తీరం కుర్రాళ్లు కొందరు ఇప్పుడు ఇలాంటి పడవల మీద పనికి వెళ్తున్నారు. ఫోనులో ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు నేర్చుకున్నదంతా ఒకచోట రాస్తున్నాను. సొంత ఫైబర్ బోటు ఉన్నవాళ్లకూ సగం పైన పనికొస్తుంది.

రాయి ఎందుకు ఓడిపోతుంది

50 కిలోల నల్లరాయి సముద్రపు నీటిలో మునిగితే 30 కిలోలే తూగుతుంది. మిగతా 20 కిలోలను నీరే మోస్తుంది. ఇక గాలి సంగతి చూడండి. 12 మీటర్ల యాట్‌ను 30 నాట్ల గాలి, అంటే గంటకు సుమారు 55 కిలోమీటర్ల గాలి, తోస్తుంటే లంగరు మీద 500 కిలోలకు పైగా లాగుడు పడుతుందని లెక్క వేసుకుని సామాను ఎంచుకుంటారు. గాలి వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలవుతుంది. 15 నాట్ల గాలికి హాయిగా నిలిచిన పడవ 30 నాట్లకు ఎందుకు జారిందో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఇంత లాగుడును వట్టి బరువుతో ఆపాలంటే పడవ మునిగేటన్ని రాళ్లు మోసుకు తిరగాలి.

లంగరు నిలిచేది నాగలిలా నేలలోకి దిగడం వల్ల. 1933లో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త జి.ఐ.టేలర్ రూపొందించిన సీక్యూఆర్ లంగరు చూడటానికి కూడా నాగలి కర్రులాగే ఉంటుంది. పొలం దున్నినవాళ్లకు చెప్పనక్కరలేదు. ఎద్దులు నేల వెంబడి లాగినంతసేపు కర్రు దిగుతుంది, నాగలిని ఎత్తిపట్టుకుంటే పైకి వచ్చేస్తుంది. లంగరును కూడా నేల వెంబడే లాగాలి. పడవ ముక్కు నీటికి పైన ఉంటుంది, లంగరు అడుగున ఉంటుంది. ఈ రెంటి మధ్య తాడు ఏటవాలుగా కాకుండా పరుచుకున్నట్టు ఉండాలంటే పొడవు కావాలి.

ముందు రేవును చూడాలి

మన తీరం గీత గీసినట్టు ఉంటుంది. మైపాడులో నిలబడినా కొత్తపట్నంలో నిలబడినా ఎదురుగా తెరిచిన సముద్రమే. పడవకు చాటు కావాలంటే ఉప్పుటేరు మొగలోకి దూరాలి, లేదా ఇసుక మీదికి లాగాలి. 1626లో ఇంగ్లీషువాళ్లు ఆర్మగాన్ అని పిలుచుకున్న దుగరాజపట్నంలో స్థావరం పెట్టుకున్నారు. అప్పటి ఓడలకు అక్కడున్న ఆసరా సముద్రంలోని ఇసుక తిప్ప. అలలు దాని మీద విరిగి, లోపలివైపు నీరు కొంత నెమ్మదిస్తుంది.

దీవి దగ్గర అంత కష్టం లేదు. ఏ గాలికైనా దీవికి ఒక పక్క చాటు ఉంటుంది. అండమాన్‌లో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఈశాన్యం గాలి, కనుక పడమటి, దక్షిణపు అఖాతాలు నెమ్మదిగా ఉంటాయి. మే తరువాత నైరుతి గాలి మొదలయ్యాక అవే అఖాతాలు కుదిపేస్తాయి, తూర్పు పక్క బాగుంటుంది. ఇప్పుడు వీచే గాలిని చూసి చోటు ఎంచుకోవడం కొత్తవాళ్ల పని. తెల్లవారుజామున వీచబోయే గాలికి ఎంచుకోండి. మలక్కా జలసంధి వైపు వెళ్లేవారు "సుమాత్రా" అని పిలిచే గాలివాన గురించి వినే ఉంటారు. చీకటి ఉండగానే నైరుతి నుంచి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. మీ వెనక ఒడ్డు ఎంత దూరంలో ఉందో అప్పుడు గుర్తుకు వస్తే లాభం లేదు.

తెలియని దీవి రేవులోకి ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3 మధ్య, సూర్యుడు నెత్తిన గానీ వీపు వెనక గానీ ఉన్నప్పుడే రావాలి. నీటి రంగు చదవడానికి ఆ వెలుగు తప్పనిసరి. ముదురు నీలం లోతు. లేత ఆకుపచ్చ ఇసుక మీద తక్కువ నీరు. గోధుమ రంగు, పసుపు కలిసిన గోధుమ రంగు కనబడితే పగడపు దిబ్బ పైకి వచ్చేసిందని అర్థం, ఇంజన్ ఆపండి. నల్లటి మచ్చలు గడ్డి కావచ్చు, పగడం కావచ్చు, మబ్బు నీడ కూడా కావచ్చు. నీడైతే కదులుతుంది. పోలరాయిడ్ కళ్లద్దాలు పెట్టుకుంటే నీటి మీది తళుకు పోయి అడుగు తేటగా కనబడుతుంది. ఎండ ముఖం మీద కొడుతుండగా, ఎంత ఆకలి వేస్తున్నా, లోపలికి రావద్దు.

అడుగు ఎలాంటిదన్నది తరువాతి ప్రశ్న. ఇసుక అన్నిటికన్నా మంచిది. బురద కూడా గట్టిగా పట్టుకుంటుంది కానీ సమయం తీసుకుంటుంది. గడ్డి మీద లంగరు జారుతుంది. రాతి సందులో ఇరుక్కుంటే పట్టినట్టే ఉంటుంది, గాలి తిరిగితే ఊడుతుంది, లేదంటే ఎప్పటికీ ఊడదు. పూర్వపు నావికులు సీసపు గుండు అడుగున కొవ్వు అద్ది దించేవారు. పైకి లాగితే దానికి అంటుకున్నది ఇసుకో బురదో తెలిసేది, ఏమీ అంటకపోతే రాయి. నేను ఇప్పటికీ తాడుకు కట్టిన గుండుకు గ్రీజు పూసి ఈ పని చేస్తాను.

పగడం మీద లంగరు దించకూడదు. మర్యాద కోసం చెప్పడం లేదు. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. గొలుసు ఒక రాత్రి అటూ ఇటూ ఊడిస్తే దశాబ్దాలుగా పెరిగినది పిండైపోతుంది. సముద్రపు గడ్డిని కూడా వదిలేయండి. అండమాన్ రాష్ట్ర జంతువైన డ్యూగాంగ్ మేసేది దాన్నే. లేత రంగు ఇసుక మచ్చ దొరికేదాకా తిరగండి.

సామాను

మన బోట్లలో కనిపించే నాలుగు కొక్కేల లంగరు రాళ్లలో తగులుకోవడానికి బాగుంటుంది, ఇసుకలో మాత్రం గీతలు గీసుకుంటూ వస్తుంది. యాట్‌ల మీద ఉండేవి నాగలి రకం, రెండు రెక్కలు మడిచే డాన్‌ఫోర్త్ రకం, పార ఆకారంలో ఉండే కొత్త రకాలు. కొత్త రకాలే వేగంగా దిగుతాయి, గాలి తిరిగినప్పుడు తామంతట తామే మళ్లీ దిగుతాయి. కొనే స్తోమత ఉంటే అవే కొనండి.

గొలుసు 8 మిల్లీమీటర్లదైతే మీటరుకు సుమారు 1.4 కిలోలు, 10 మిల్లీమీటర్లదైతే 2.2 కిలోల పైన తూగుతుంది. దాని బరువు లాగుడును నేలబారుగా ఉంచుతుంది, పగడపు అంచులకు కోసుకుపోదు. గాలి పెరిగి గొలుసు బిగుసుకున్నాక ఆ బరువు సాయం దాదాపు ఉండదు, అప్పుడు ఆదుకునేది పొడవే. గొలుసు కొంత, తాడు కొంత వాడేవాళ్లకు ఒక మాట. తాడు నైలాన్‌దే కావాలి. అది సాగుతుంది, కుదుపు మింగుతుంది. మన రేవుల్లో చవకగా దొరికే రంగురంగుల ప్లాస్టిక్ తాడు నీటిపై తేలుతుంది, ఇంజన్ పంకాలో చుట్టుకుంటుంది, ఎండకు పెళుసవుతుంది. వల పనికి సరే, లంగరుకు వద్దు.

గొలుసు మీద ప్రతి 10 మీటర్లకు రంగు గుర్తు వేయండి. 10కి ఒక పట్టీ, 20కి రెండు. రంగు ఆరునెలల్లో పోతుంది, మళ్లీ వేయాలి.

గొలుసు చివరి కొసను పడవకు కట్టారా? వెళ్లి చూసి రండి. నేను ఒకసారి చూడలేదు. పెట్టెలోంచి గొలుసు గరగరమని పరుగెత్తింది, బ్రేకు పట్టలేదు, 60 మీటర్లూ కళ్లముందే పోయి చివర ఒక చిన్న చప్పుడుతో నీళ్లలో పడింది. ఆ మధ్యాహ్నమంతా మునిగి వెతకడంతో సరిపోయింది. కొసను ఇనుప కొండీతో కాకుండా గట్టి తాడుతో కట్టాలి. ఆ తాడు డెక్ మీదికి వచ్చేంత పొడవు ఉండాలి. ప్రాణాపాయంలో లంగరు వదిలేసి పారిపోవలసి వస్తే కత్తితో ఒక్క వేటు వేసి కోసేయవచ్చు.

లెక్క

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. నియమం అందరికీ తెలుసు. మొత్తం గొలుసే అయితే లోతుకు ఐదింతలు, తాడు కలిసినదైతే ఏడింతలు వదలాలి. భోజనానికి ఆగి మనిషి పడవ మీదే ఉంటే మూడింతలు చాలు. "లోతు" అంటే ఏమిటో మాత్రం చాలామందికి తెలియదు.

లోతు కొలిచే మీటరులో 5 అని కనిపిస్తోంది అనుకుందాం. ఐదైదులు ఇరవై ఐదు, 25 మీటర్లు వదిలి పడుకున్నారు. ఇప్పుడు పాటు సమయం, నీరు తీసి ఉంది. రాత్రికి పోటు వచ్చి ఇంకో 1.5 మీటర్లు పెరుగుతుంది. గొలుసు మొదలయ్యేది నీటి మీద కాదు, పడవ ముక్కు మీద, అది ఇంకో 1.5 మీటర్లు. అసలు లోతు 8 మీటర్లు. మీరు వదిలిన 25 మీటర్లు మూడింతలకు కొంచెం ఎక్కువ, అంతే. వదలవలసింది 40. ఐదింతలు వదిలితే గాలికి బిగిసిన గొలుసు నేలతో 11, 12 డిగ్రీల కోణంలో ఉంటుంది. మూడింతలకు అది 19 డిగ్రీలు దాటుతుంది. ఆ తేడాలోనే లంగరు ఊడుతుంది.

మీటరు లోతును ఎక్కడి నుంచి చూపిస్తోందో కూడా తెలుసుకోవాలి. కొన్ని నీటి మట్టం నుంచి చూపిస్తాయి, కొన్ని పడవ అడుగు నుంచి. మన పెద్దలు గుండు తాడును చేతులు చాచి బారలతో కొలిచేవారు. ఒక బార సుమారు ఆరడుగులు. ఆ కొలతలో ఈ గందరగోళం లేదు.

పోటు, పాటు విషయంలో మనవాళ్లకు తిథులు తెలుసు కాబట్టి కొంత సులువు. అమావాస్య, పౌర్ణమి తరువాతి రోజుల్లో నీరు ఎక్కువగా ఎక్కి ఎక్కువగా దిగుతుంది, అష్టమి చుట్టూ తేడా తక్కువ. మన తీరంలో పెద్ద పోటుకు కూడా తేడా మీటరు అటూ ఇటూ ఉంటుంది. పోర్ట్‌బ్లెయిర్‌లో (ఇప్పటి శ్రీ విజయపురంలో) అది రెండు మీటర్ల దాకా వెళ్తుంది. ఇంటి అలవాటు మీద లెక్క వేస్తే అక్కడ తప్పుతుంది.

పడవ చుట్టూ తిరిగే వృత్తం కూడా ఇప్పుడే చూసుకోవాలి. 40 మీటర్ల గొలుసు, 12 మీటర్ల పడవ, కలిపి లంగరు చుట్టూ 50 మీటర్ల పైన వ్యాసార్ధం. అంటే 100 మీటర్ల పైన వెడల్పు ఖాళీ కావాలి, ఆ వృత్తంలో దిబ్బ ఉండకూడదు, ఇంకో పడవ ఉండకూడదు. ముందు వచ్చినవాడిదే హక్కు. తగిలేలా ఉంటే తరువాత వచ్చినవాడే కదలాలి. పక్క పడవవాళ్లను "ఎన్ని మీటర్లు వదిలారు?" అని అడగడంలో చిన్నతనం లేదు. వాళ్లు గొలుసు మీద, మీరు తాడు మీద ఉంటే రెండు పడవలూ ఒకేలా తిరగవని గుర్తుంచుకోండి.

దించడం

తెరచాపలు దించి ఇంజన్ మీద రండి. వెనక లాక్కొస్తున్న చిన్న పడవ తాడును దగ్గరికి లాగి కట్టండి, లేకపోతే వెనక్కి నడిపేటప్పుడు పంకాకు అదే మొదటి బలి. అనుకున్న చోటు చుట్టూ ఒక చుట్టు నెమ్మదిగా తిరిగి లోతు చూడండి.

ముక్కు దగ్గర నిలబడేవాడికీ చుక్కాని పట్టేవాడికీ మధ్య సైగలు ముందే అనుకోవాలి. ముందుకు అంటే వేలు ముందుకు, ఆపు అంటే పిడికిలి, వెనక్కి అంటే వేలు వెనక్కి. గాలిలో, ఇంజన్ చప్పుడులో మాట వినబడదు, వినబడకపోయేసరికి కోపం వస్తుంది. రేవులో సాయంత్రం పూట అన్ని పడవల వాళ్లూ టీ కప్పులు పట్టుకుని చూసే వినోదం, కొత్తగా వచ్చిన జంట లంగరు వేస్తూ అరుచుకోవడమే.

గాలికి ఎదురుగా నెమ్మదిగా రండి. లంగరు ఎక్కడ పడాలో అక్కడ పడవ పూర్తిగా ఆగాలి. పడవ చివరికి నిలిచేది అక్కడ కాదు, దానికి 40 మీటర్లు వెనక. గాలికి ముక్కు వెనక్కి జరగడం మొదలైన క్షణంలో లంగరును విసరకుండా దించండి. అడుగు తగలగానే గొలుసు సడలుతుంది, చేతికి తెలుస్తుంది. అక్కడే గొలుసంతా కుప్ప పోయవద్దు. కుప్పలో లంగరు చిక్కుకుంటే నేలలోకి దిగదు. పడవ వెనక్కి జరుగుతున్నంత మేరకే గొలుసు వదులుతూ, నేల మీద గీత గీసినట్టు పరవాలి. లోతుకు మూడింతలు పోయాక కొంచెం ఆపి పట్టండి. ముక్కు గాలి వైపు తిరిగి నిలిస్తే లంగరు పంటి కొస దిగిందన్నమాట. అప్పుడు మిగతాది వదలండి.

తరువాత సాగే నైలాన్ తాడును ఒక కొక్కెంతో గొలుసుకు తగిలించి, దాని రెండో కొసను డెక్ మీది క్లీట్‌కు, అంటే తాడు చుట్టి కట్టే రెండు కొమ్ముల దిమ్మెకు, కట్టి, బరువంతా ఆ తాడు మీదికి రానివ్వండి. దీన్ని స్నబ్బర్ అంటారు. ఇది లేకుండా లంగరు లాగే యంత్రం మీదే రాత్రంతా బరువు వదిలేస్తే యంత్రం పళ్లు పోతాయి, మీ నిద్ర అంతకుముందే పోతుంది.

ఇప్పుడు పరీక్ష. ఇంజన్‌ను వెనక్కి వేసి, అతి తక్కువ వేగంలో అర నిమిషం ఉంచండి. తరువాత మెల్లగా పెంచి నిమిషానికి 1500, 2000 చుట్ల దగ్గర ఒక నిమిషం నిలపండి. ఒకేసారి పెంచితే దిగబోతున్న లంగరును మీరే పెకలించినవారవుతారు. బురదలో అయితే పరీక్షకు ముందు పావుగంట, అరగంట ఊరుకోండి, లంగరు తన బరువుకు తాను కూరుకుంటుంది.

ఆ నిమిషంలో రెండు పనులు చేయాలి. పడవకు సరిగ్గా పక్క దిశలో ఒడ్డు మీద ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు గుర్తులు చూసుకోండి, ముందు ఒక కొబ్బరిచెట్టు, దాని వెనక ఒక ఇంటి కప్పు అనుకోండి. ఇంజన్ లాగుతున్నా అవి ఒకదాని నుంచి ఒకటి విడిపోకపోతే పడవ కదలడం లేదు. రెండోది, ముక్కు దగ్గరివాడు గొలుసు మీద అరచెయ్యి ఆనించాలి. లంగరు పట్టి ఉంటే గొలుసు బిగిసి, మౌనంగా ఉంటుంది. జారుతుంటే కంకర మీద ఎడ్లబండి చక్రం పోతున్నట్టు సన్నటి గరగర అరచేతిలోకి వస్తుంది. రాయికి తగులుకుంటూ పోతుంటే ఆగి ఆగి పెద్ద కుదుపులు తగులుతాయి. నేను చెయ్యి కాదు, చెప్పులు విప్పి పాదం ఆనిస్తాను. నాలుగు రోజులు ఇలా చేస్తే ఏ పరికరమూ చెప్పని సంగతులు తెలుస్తాయి.

రెండుసార్లు ప్రయత్నించినా పట్టకపోతే చోటు మార్చండి. అదే చోట ఐదుసార్లు వేసి, చీకటి పడ్డాక "ఏదో పట్టిందిలే" అనుకుని పడుకున్నవాళ్లను చూశాను. తెల్లారేసరికి వాళ్లు మా పక్కన ఉన్నారు.

నీరు తేటగా ఉంటే దిగి చూసి రండి. లంగరు పక్కకు పడి ఉందా, పూడుకుపోయిందా, గొలుసు ఏ రాతి చుట్టూ అయినా తిరిగిందా, అన్నీ ఒక మునకలో తేలిపోతాయి.

ఉప్పుటేరులో అయితే

ఇక్కడ గాలి కన్నా ప్రవాహం బలమైనది. కండలేరు ఉప్పుటేరులో పాటు నీరు సముద్రం వైపు లాగుతున్నప్పుడు పడవ నీటికి ఎదురు తిరిగి నిలుస్తుంది, గాలి వీపు మీద కొడుతున్నా సరే. ఆరు గంటల చిల్లర గడిచాక నీరు తిరుగుతుంది, పడవ కూడా పూర్తిగా వెనక్కి తిరుగుతుంది, అంటే లంగరును ఇప్పుడు ఎదుటి దిశ నుంచి లాగుతుంది. అది ఊడి మళ్లీ దిగాలి. దిగకపోతే మడచెట్లలోకి పోతారు. ఇరుకు చోట ఒకటి ఎగువకు, ఒకటి దిగువకు రెండు లంగర్లు వేసి, రెండు తాళ్లనూ పడవ ముక్కుకే కట్టాలి. ఒకటి ముక్కుకు, ఒకటి వెనక్కి కడితే ప్రవాహం పక్కటెముకల మీద తగిలి లాగుడు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఓడరేవు కాలువలో, ఓడలు తిరిగే దారిలో లంగరు వేయవద్దు. అనుమానం ఉంటే వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానెల్‌లో రేవు కంట్రోలును పిలిచి అడగండి.

బోయాకు కట్టడం

బాగా తిరిగే దీవుల దగ్గర పగడాన్ని కాపాడటానికి బోయాలు, అంటే పడవలు కట్టుకోవడానికి నీటిపై తేలే బుడ్లు, వేసి ఉంచుతారు. అడుగున సిమెంటు దిమ్మె గానీ నేలలోకి తిప్పి దించిన ఇనుప మర గానీ ఉంటుంది, దాని నుంచి గొలుసు పైకి వస్తుంది. సిమెంటు దిమ్మెది మళ్లీ మా చిన్నాన్న రాయి కథే. ఒడ్డున టన్ను తూగేది నీటిలో 570 కిలోల చిల్లరే. బోయా మీద ఇంత పెద్ద పడవ దాకా కట్టవచ్చని రాసి ఉంటే నమ్మండి. రాసి లేకపోతే మునిగి చూడండి. గొలుసులో అరిగేది పైభాగం కాదు, నేలను తాకుతూ లేస్తూ ఉండే భాగం. అక్కడి కొండీ సగానికి సన్నబడి ఉంటే ఆ బోయాను వదిలి ముందుకు పోండి.

పట్టుకోవడం ఇలా. గాలికి గానీ ప్రవాహానికి గానీ, ఏది బలంగా ఉంటే దానికి ఎదురుగా, నడక వేగం కన్నా తక్కువలో రండి. బోయా ముక్కు కిందికి పోయాక చుక్కాని పట్టినవాడికి కనబడదు, ముందున్నవాడు కొక్కెం కర్రతో దాన్ని చూపిస్తూ ఉండాలి. బోయా చేతికి అందే సమయానికి పడవ ఆగిపోయి ఉండాలి. కొక్కెంతో బోయా తాడును అందుకుని, దాని కంటిలోంచి మీ సొంత తాడు దూర్చి, బయలుదేరిన పక్క క్లీట్‌కే తిరిగి తెచ్చి కట్టండి. రెండో పక్క నుంచి ఇంకో తాడు ఇలాగే వేయండి. ఒకే తాడును ఎడమ నుంచి దూర్చి కుడికి కడితే పడవ ఊగినప్పుడల్లా రంపంలా కోసుకుంటుంది, తెల్లారేసరికి తెగుతుంది. మొదటిసారి అందకపోతే వదిలేసి ఇంకో చుట్టు తిరగండి. 9 టన్నుల పడవను చేతితో ఆపాలని చూసినవాడు నీళ్లలో పడతాడు, లేదా భుజం జారుతుంది.

గాలి ఒకవైపు, నీరు ఒకవైపు ఉన్న రాత్రి బోయా వచ్చి పడవ ముక్కును డబ్ డబ్‌మని తలుపు తట్టినట్టు కొడుతూ ఉంటుంది. వెనక వైపు నుంచి ఒక బక్కెట్టు నీళ్లలోకి వేలాడదీయండి. ప్రవాహం దాన్ని పట్టుకుని పడవను వెనక్కి లాగి ఉంచుతుంది. ఇది నాకు ఒక ముసలి నావికుడు చెప్పాడు, చాలాసార్లు పనిచేసింది.

ఇరుకు కోనలో పడవ తిరగడానికి చోటు లేకపోతే ముందు లంగరు వేసి, వెనక నుంచి ఒడ్డున చెట్టుకు తాడు కడతారు. బలమైన మొదలు చూసుకోండి, బెరడు కోసుకుపోకుండా పాత సైకిలు ట్యూబు చుట్టి ఆ మీద కట్టండి.

చీకటి పడ్డాక

అంతర్జాతీయ నిబంధనల ప్రకారం లంగరు మీదున్న పడవ పగలు ముందు భాగంలో ఒక నల్లటి బంతి గుర్తు ఎత్తాలి, రాత్రి అన్ని వైపులా కనబడే తెల్ల దీపం ఒకటి వెలిగించాలి. నల్ల బంతిని చాలామంది ఎగరేయరు. దీపం మాత్రం మానవద్దు, చీకట్లో వల వేసుకుని వచ్చే బోటుకు మీరు కనబడేది దానితోనే.

ఫోనులో లంగరు అలారం పెట్టేటప్పుడు కేంద్రం మీరు కూర్చున్న చోటు కాదు, లంగరు పడిన చోటు. దించిన క్షణంలోనే ఆ స్థానం గుర్తు పెట్టుకోవాలి. పడవ ఉన్న చోటును కేంద్రంగా పెడితే గాలి తిరిగిన ప్రతిసారీ ఊరికే మోగుతుంది, మూడోసారికి మీరే కట్టేస్తారు, నాలుగోసారి నిజంగా జారుతుంది.

మొదటి అరగంట ఎక్కడికీ వెళ్లవద్దు. వంట చేసుకోండి, తాళ్లు చుట్టుకోండి, మధ్య మధ్య ఆ కొబ్బరిచెట్టునూ ఇంటి కప్పునూ చూస్తూ ఉండండి.

తుఫాను వస్తుందంటే

ఈశాన్యం గాలికి చాటైన అఖాతం తుఫానుకు చాటు కాదు. తుఫాను గాలి దిశ మారుతూ పోతుంది, నిన్నటి చాటు రేపటికి ఉచ్చు అవుతుంది. 1989 నవంబరులో థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టిన గే తుఫాను నవంబరు 4న అక్కడి చుంఫోన్ తీరాన్ని కొట్టి, సన్నటి భూభాగాన్ని దాటి, మళ్లీ సముద్రంలో పడి, అండమాన్ మీదుగా బంగాళాఖాతమంతా నడిచి మన కావలి దగ్గర తీరం దాటింది. థాయ్ దీవుల్లో లంగరు వేసుకున్న పడవకూ మన తీరపు పడవకూ గండం ఒకటే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఏప్రిల్, మే నెలల్లో ఈ ఆలోచన తలలో ఉండాలి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే సూచనలు, వాతావరణ శాఖ ప్రకటనలు రోజూ చూడండి.

రెండు రోజుల ముందే తెలిస్తే దూరంగా వెళ్లిపోవడం మేలు. కుదరకపోతే మడచెట్ల మధ్య ఇరుకు కాలువలోకి దూరి, రెండు గట్ల చెట్లకూ వీలైనన్ని తాళ్లు సాలెగూడులా కట్టి, ముందుకు లంగర్లు వేసి, తెరచాపలు, పరదాలు, గాలికి దొరికేది ఏదైనా విప్పి లోపల పెట్టాలి. తాళ్లు పడవ అంచుకు ఒరుసుకునే చోట గుడ్డ చుట్టాలి. నీటిమట్టం పెరుగుతుంది కాబట్టి తాళ్లకు కొంత వదులు ఉంచాలి. ఇదంతా అయ్యాక మనుషులు దిగిపోవాలి. పడవ మీద ఉండి కాపాడతానన్నవాడి మాట వినవద్దు.

తీయడం

గొలుసు పెట్టి లాగి పడవను ముందుకు తేవద్దు, యంత్రం కాలిపోతుంది. ఇంజన్ మీద మెల్లగా ముందుకు వెళ్తూ సడలిన గొలుసును మాత్రమే ఎత్తుకోవాలి. ముక్కున ఉన్నవాడు గొలుసు ఏ దిక్కుకు పోతోందో చేతితో చూపిస్తూ ఉండాలి. గొలుసు నిలువుగా అయ్యాక ఆపి, బిగించి, ఒక నిమిషం వేచి ఉండండి. ప్రతి అలకు పడవ లేచినప్పుడు లంగరు కొంచెం కొంచెం ఊడుతుంది. రాకపోతే గొలుసు బిగించి ఉంచే నెమ్మదిగా ముందుకు నడపండి, లాగుడు ఎదుటి వైపు నుంచి వస్తే కర్రు వెనక్కి జారుకుంటుంది. రాళ్లున్న చోట లంగరు తలకు ముందే ఒక సన్న తాడు, దాని కొసకు నీటిపై తేలే ఒక చిన్న డబ్బా కట్టి ఉంచితే ఆ తాడుతో వెనక నుంచి ఎత్తవచ్చు.

బురద నుంచి వచ్చిన గొలుసును అక్కడే బక్కెట్టు నీళ్లతో కడగండి. లోపల పెట్టెలోకి పోయిన నల్లబురద మూడో రోజుకు ఎలా కంపు కొడుతుందో ఉప్పుటేరు పక్కన పెరిగినవాళ్లకు చెప్పాలా? చివరగా లంగరును ముక్కు చక్రం మీదికి ఎక్కించి అడ్డంగా పిన్ను పెట్టండి, తాడుతో కూడా కట్టండి. పిన్ను పెట్టకుండా రేవు దాటితే బయటి మొదటి పెద్ద అలకే అది జారి, గొలుసంతా లాక్కుపోయి, లోతైన నీళ్లలో నిలువుగా వేలాడుతుంది. దాన్ని చేతులతో పైకి లాగడం నలుగురి పని, పడవ మీద సాధారణంగా ఉండేది ఇద్దరు.